సెలవు లేని గులాబీలు

జగ్గయ్యపేట,
17-7-1958.

అన్నయ్యకు, వదినకు జయమణి వందనాలు చెప్పి రాసుకునే సంగతులు.

ఇక్కడ మామగారూ నేనూ బాగానే ఉన్నాం. మీ బావగారు పోయిన నెలాఖరున సాగర్ నుంచి వచ్చి రెండు రోజులుండి వెళ్ళారు. డ్యాం పనిలో ఓవర్సీరుకి ఆదివారం కూడా ఉండదట. భోజనం మెస్సులో. చిక్కిపోయారు. నన్ను అక్కడికి తీసుకెళ్ళే మాట ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

నన్ను ఒకసారి నందిగామ రమ్మని రాశావు. బస్సెక్కితే గంటన్నర ప్రయాణం. అయినా పుట్టింటి గడప తొక్కి పదిహేను నెలలైంది. ఎందుకు రాలేకపోతున్నానో రాస్తాను, నవ్వకు. గులాబీలు ఒప్పుకోవు.

మామగారు హెడ్మాస్టరుగా ఉన్న రోజుల్లో, ఈ ఊరి మిషన్ బంగళాలో ఉండే దొరసానిగారు వాళ్ళ దేశం వెళ్ళిపోతూ ఆయనకిచ్చిన మొక్కలివి. పెళ్ళికి నేను పుట్టింటి నుంచి తెచ్చినదానితో కలిపి పధ్నాలుగున్నాయి. టీ గులాబీలంటారు. పువ్వు దగ్గర ముక్కు పెడితే అప్పుడే విప్పిన టీ పొట్లం వాసన. వెన్న రంగువి కొన్ని, తేనె రంగువి కొన్ని, లేత గులాబి రంగువి కొన్ని. రేకలు పల్చన, మెడ సన్నం. పువ్వు బరువుకి తల కిందికి వేలేస్తుంది. వచ్చిన వాళ్ళకి చూపించి మామగారు, "కోడలంటే ఇట్లా ఉండాలండీ, తల ఎత్తదు" అని నవ్వుతారు. అది మెడలో బలం లేక వంగుతుంది అన్నయ్యా, వినయంతో కాదు.

ఆయన చేతులు వణుకుతాయని నీకు తెలుసు. కాఫీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుంటారు. కత్తి పట్టడం, అంటు కట్టడం, పిలకలు తీసెయ్యడం ఆయన వల్ల కాదు. పాపం కుర్చీ వేసుకుని కూర్చుని చెబుతారు, నేను చేస్తాను. పొద్దున ఇరవై చేదలు, సాయంత్రం ఇరవై చేదలు నీళ్ళు. మా నేలలో సున్నం ఎక్కువ కదా, ఆకు పసుపెక్కకుండా ఎరువు కలుపుతూనే ఉండాలి. మొన్న తాసిల్దారుగారి భార్య వస్తే నన్ను పిలిచి, "ఇవేనమ్మా నా చేతులు" అని చూపించారు. నా పేరు చెప్పలేదు. ఆవిడ నా చేతులకేసే చూసింది.

ఈ పనంతా నా నెత్తికి ఎలా వచ్చిందో నీకు వేరే చెప్పాలా? పెళ్ళిచూపులకు వచ్చి పాట పాడమనలేదు, వంట వచ్చా అనలేదు. గులాబి కొమ్మ ముక్క ఇచ్చి నాటమన్నారు, నలభై రోజులకు చూడ్డానికొస్తానన్నారు. ముగ్గురు పిల్లలకిచ్చారట, నాదొక్కటే బతికింది. పెద్దమ్మ కూతురి పెళ్ళికి మైలవరం పోయి పదిహేను రోజులు నేను ఇంట్లో లేకపోయినా బతికింది. అది తలుచుకుని, ఇంత హస్తవాసి ఉన్న పిల్ల దొరకదంటారు మామగారు.

ఇక అసలు సంగతి. ఆ రోజే నీ ఎదుట మామగారు, "పిల్ల ఎస్సెల్సీ పాసైంది, గుంటూరులో టీచర్ ట్రైనింగ్ చేయిద్దాం" అన్నారు. నేనడిగితే, "చేద్దాంలే అమ్మా, ఈ పూత అయిపోనీ" అంటున్నారు. నువ్వొకసారి గుర్తుచేస్తూ ఆయనకి ఉత్తరం రాయి. నాకు బళ్ళో నిలబడి పిల్లలకి పాఠం చెప్పుకోవాలని ఉంది. నగలూ వద్దు, చీరలూ వద్దు. అదొక్కటే కావాలి.

వదిన మోకాళ్ళ నొప్పి తగ్గిందా?

నీ చెల్లెలు,
జయమణి.


నందిగామ,
2-8-1958.

చి.సౌ. జయమణిని అన్నయ్య ప్రేమానందం దీవించి రాసేది.

నీ ఉత్తరం మీ వదినకి రెండుసార్లు చదివి వినిపించాను. "మీ చెల్లెలు పెట్టి పుట్టింది, పూలతోటలో కాపురం" అంది. నాకూ కడుపు నిండింది. మనమ్మ పోయినప్పుడు నీకు తొమ్మిదేళ్ళు. ఈ పిల్లని ఏ ఇంట్లో పెడతానో దేవుడా అని నేను ఏడవని రాత్రి లేదు. ఇవాళ తాసిల్దారు భార్య వచ్చి చూసే ఇంట్లో ఉన్నావు.

నువ్వు రాయమన్నట్టే మామగారికి రాశాను. ఊరికే రాయలేదు, మన రాత నీకు తెలుసుగా. ముందు గులాబీల గురించి ఒక పేజీ పొగిడాను. మా చెల్లెలు కట్టెపుల్ల గుచ్చినా చిగురేస్తుందండీ అన్నాను. చివర్లో మెల్లిగా ట్రైనింగ్ మాట తెచ్చి, "గులాబీలు ఎప్పుడు వీలిస్తే అప్పుడే పంపండి, తొందరేమీ లేదు" అని ముగించాను. పెద్దవాళ్ళని అడిగేటప్పుడు అట్లా అడగాలి. కాంపౌండరు పని పాతికేళ్ళు చేశాను, చేదు మందు తేనెలో కలిపి ఇవ్వడం నాకు తెలియని విద్యా?

ఓర్చినమ్మకు తేటనీరు అన్నారు. ఆయన చెప్పినట్టు విను, మొక్కల్ని ఇంకా బాగా చూసుకో. ఆయన మనసు ఎంత కరిగితే నీ పని అంత సులువు. పేట బస్సులో కండక్టరుకిచ్చి అరబస్తా వేరుశనగ పిండి పంపుతున్నాను, మొక్కలకి పులియబెట్టి పొయ్యి. మా ఊరి బంగళా తోటమాలి బసవయ్య చెప్పాడు, పూత రెట్టింపవుతుందట.

మీ వదినకి మోకాళ్ళు అలాగే ఉన్నాయి. నా మిక్చరు తప్ప అన్ని మందులూ వాడుతోంది.

నీ అన్నయ్య,
ప్రేమానందం.


జగ్గయ్యపేట,
20-11-1958.

అన్నయ్యకు జయమణి వందనాలు.

పిండి అందింది. బసవయ్య చెప్పినట్టే పూత రెట్టింపైంది. పనీ రెట్టింపైంది.

నువ్వు మామగారికి రాసిన ఉత్తరం ఆయన చొక్కా జేబులో ఉంటోంది. ప్రార్థన మందిరం నుంచి ఎవరొచ్చినా తీసి చదువుతారు. "గులాబీలు వీలిచ్చినప్పుడే పంపండి అని వాళ్ళన్నే రాశాడు, ఎంత పెద్దమనిషో చూడండి" అంటారు. అందరూ తలలూపుతారు. నేను వాళ్ళకి కాఫీలు తీసుకెళ్తాను.

అన్నయ్యా, నీకు తెలియక రాశావు కాబట్టి కోపం తెచ్చుకోను. మామూలు మొక్కలకి ఒక కాలం ఉంటుంది. మల్లె వేసవిలో పూసి ఊరుకుంటుంది. చామంతి చలికాలంతో సరి. ఈ టీ గులాబీలకి ఆ లెక్క లేదు. ఒక కొమ్మ పూత రాలేలోపు ఇంకో కొమ్మ మొగ్గ తొడుగుతుంది. ఎండాకాలం తాటాకు పందిరి కట్టాలి, వానాకాలం పురుగు ఏరాలి, చలికాలం అంటు కట్టాలి. సంవత్సరంలో ఈ మొక్కలు ఊరుకునే రోజు లేదు, నాకు వీలు దొరికే రోజూ లేదు. పూత అయిపోనీ అని ఆయన అన్నప్పుడల్లా కొత్త మొగ్గలకేసి చూస్తాను. ఇది అయిపోయే పూత కాదు.

ఎవర్నైనా కూలికి పెట్టుకుందాం మామగారూ అన్నాను. "పరాయి చెయ్యి పడితే బతకవమ్మా" అన్నారు. కసరలేదు. కసిరితే బాగుండేది, తిరిగి ఒక మాట అనడానికి దారి ఉండేది. ఆయన ఎప్పుడూ మెత్తగానే చెబుతారు. అత్తగారు చనిపోయిన ఏడాది ఆయన ఈ మొక్కల దగ్గర కూర్చునే అన్నం తిన్నారట. అది గుర్తొచ్చి నోరు మూసుకుంటాను. చుట్టాలొస్తే, పిల్లలు లేరుగా, ఇవే నీ పిల్లలనుకో అంటారు.

ఏదేమైనా అప్లికేషన్ తెప్పించుకున్నాను. మీ బావగారు సంతకం పెట్టారు, కానీ "నాన్ననడిగే వెళ్ళు" అన్నారు. జనవరిలో పంపేస్తాను. సీటు వస్తే జూన్ నెలాఖరుకి గుంటూరులో ఉండాలి. రెండేళ్ళు హాస్టల్. ఆ మాట రాస్తుంటేనే ఒళ్ళు తేలికైంది.

జయమణి.


నందిగామ,
4-4-1959.

చి.సౌ. జయమణికి అన్నయ్య దీవెనలు.

ఈస్టరు బాగా జరిగిందా? మీ గులాబీలు మందిరంలో బల్ల మీద పెట్టారని, పాస్టరుగారు ప్రసంగంలో ఆ సంగతి చెప్పారని ఇక్కడిదాకా తెలిసింది. గర్వంగా ఉంది.

నీ బాధ నాకు అర్థమైంది. చిక్కంతా మొక్కలు ఊరుకోకపోవడంలో ఉంది. అంటే వాటిని ఊరుకోబెట్టాలి! ఈ మాట తట్టగానే సైకిలెక్కి బసవయ్య దగ్గరికి పోయాను. ముప్ఫై ఏళ్ళుగా బంగళా గులాబీలు పెంచుతున్నాడు. వాడేమన్నాడో విను. ఏటా కార్తీకంలో ప్రతి మొక్కనీ నేలకి జానెడు ఎత్తున కోసిపారేస్తాడట. వేళ్ళ దగ్గర మట్టి తీసి ఎండ తగలనిస్తాడట. తర్వాత నెలన్నర దాకా చెట్టు నిద్రపోతుంది, చిన్నమెత్తు పనుండదు. లేచాక మునుపటికన్నా బలంగా పూస్తుంది.

మనకి కావలసింది అదే కదా. మే నెలలో కోశావనుకో, ఎలాగూ ఎండలకి పూత పల్చనే. వానలు పడేదాకా నిద్రపోతాయి. నువ్వు జూన్‌లో గుంటూరు వెళ్ళిపోవచ్చు. అవి లేచేసరికి మామగారికి కూడా నువ్వు లేకుండా తోట నడుస్తుందని అలవాటైపోతుంది. ముందు చెబితే ఒప్పుకోరు. మే రెండో వారంలో ఆయన గుంటూరు ప్రార్థన సభలకి వెళ్తారని రాశావుగా, ఆ మూడు రోజుల్లో పని కానిచ్చెయ్యి. తిరిగొచ్చి చూసి ఒక గంట గొణుగుతారు, అంతే.

బసవయ్య కత్తి పదును పట్టించి పంపుతున్నాడు. భయపడకు. అన్నయ్య నీకు చెడ్డ చెబుతాడా?

ప్రేమానందం.


జగ్గయ్యపేట,
28-6-1959.

అన్నయ్యకు.

కోశాను. పధ్నాలుగూ కోశాను. మే పన్నెండో తారీఖు పొద్దున్నే మొదలుపెట్టి పదకొండింటికల్లా ముగించాను. వేళ్ళ మీది మట్టి కూడా తీశాను. కోస్తుంటే భయం వెయ్యలేదు. నిజం చెప్పనా, సంతోషంగా కూడా ఉంది. కొమ్మలన్నీ పోగేసి దొడ్డి గోడ అవతల పారేస్తుంటే పాట వచ్చింది నోటికి.

మూడో రోజుకి కోసిన చోట నల్లబడింది. ఆ నలుపు రోజుకింత కిందికి దిగింది. సభల నుంచి వచ్చిన మామగారు సంచి కూడా దించకుండా తోటలోకి వెళ్ళారు. నేను వంటింటి గుమ్మంలో నిలబడ్డాను, తిడతారని, తిడితే ట్రైనింగ్ మాట గట్టిగా అడుగుదామని. ఆయన ఒక్కో మొక్క దగ్గరా వంగి చూశారు. పీట తెచ్చుకుని కూర్చున్నారు. కోసిన చోట వేలితో తడిమి అన్నారు, "బంగళాల్లో పెంచే కొత్తరకం గులాబీలకి చేసే పని ఇది. టీ గులాబీ నిద్రపోదమ్మా. కొమ్మలోనే బలమంతా దాచుకుంటుంది. కొమ్మ తీసేస్తే ఇక దానికేం లేదు. అందులోనూ మే నెల ఎండలో."

పదకొండు చచ్చిపోయాయి. మూడు మిగిలాయి. రెండు పందిరి కింద నీడలో ఉన్నవి, ఇంకోటి నేను పుట్టింటి నుంచి తెచ్చింది.

ఎవరు చెప్పారమ్మా అని అడిగారు. నేనే అనుకున్నానండీ అన్నాను. నీ పేరు చెప్పలేదు. ఆయన నా తల మీద చెయ్యి పెట్టారు, ఆ వణుకు నా జుట్టులోకి తెలిసింది. "పోనీలే, మళ్ళీ పెంచుదువుగాని" అన్నారు. అంతే. 

సీటు వచ్చింది అన్నయ్యా. జూన్ ఆరున ఉత్తరం వచ్చింది. ఆయన సాగర్ నుంచి వచ్చి తోట చూసి, "ఇంత చేసి ఇప్పుడెలా వెళ్తావు, నాన్న మొహం చూశావా" అన్నారు. నాకూ మొహం లేదు. ఇక్కడి బంగళా పాత పాదుల్లో దొరసానివి ఇంకా రెండు మొక్కలున్నాయని, వాటి కొమ్మలు తెచ్చి నాటడం మొదలుపెట్టాను. సీటు ఉత్తరం ట్రంకుపెట్టెలో చీరల కింద ఉంది. చేరాల్సిన రోజు నిన్నటితో దాటిపోయింది.

ఒకప్పుడు పనివల్ల కదల్లేకపోయేదాన్ని. ఇప్పుడు తప్పువల్ల కదల్లేను. పోయిన ఏడాదే నయం అనిపిస్తోంది.

జయమణి.


నందిగామ,
9-7-1959.

అమ్మా జయా,

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టు చేశాను. బసవయ్యని నాలుగు తిట్టాను. "నన్ను కార్తీకంలో సంగతి అడిగారండీ, మే నెల మీరే కలుపుకున్నారండీ" అన్నాడు. నిజమే. ఆ మిక్చరు నాదే.

నాలుగు రోజులుగా అన్నం సయించడం లేదు. ఒక సంగతి చెప్పి నీ గుండె బరువు దించాలనుంది. ఇన్నాళ్ళూ మీ వదినకి కూడా చెప్పలేదు. నీ పెళ్ళిచూపుల కొమ్మ బతకలేదమ్మా. నువ్వు మైలవరం వెళ్ళిన వారానికే ఎండి పుల్లైపోయింది. నలభయ్యో రోజు దగ్గర పడుతోంది. ఓవర్సీరు సంబంధం, చదువున్న కుటుంబం, కట్నం మాట ఎత్తని మనిషి. ఒక ఎండు పుల్ల కోసం అది పోగొట్టుకోవాలా అనిపించింది. బసవయ్య దగ్గర వేళ్ళు పట్టిన గులాబి మొక్క ఒకటి తెచ్చి అదే గుంటలో నాటి, చుట్టూ మట్టి పాతదానిలా సర్దాను. నువ్వు వచ్చి చిగుళ్ళు చూసి గంతులేశావు. నీ సంతోషం చూశాక చెప్పబుద్ధి కాలేదు.

ఇప్పుడెందుకు చెబుతున్నానంటే, నీ హస్తవాసిని నమ్మి తెచ్చుకున్నారు కాబట్టి ఆ రుణం తీర్చాలని నువ్వు అనుకోనక్కర్లేదు. ఆ హస్తవాసే లేదు. మొక్కలు చావడం నీ పాపం కాదు. ఈ మాట మామగారి చెవిన మాత్రం పడనియ్యకు, నా పరువు పోతుంది. ఉత్తరం చదివి చింపెయ్యి.

నీ అన్నయ్య.


జగ్గయ్యపేట,
15-7-1959.

కార్డు మీదే రాస్తున్నాను, ఎవరు చదివినా ఫరవాలేదు.

నన్ను అడక్కుండా చేశావు. ఇక్కడ రెండేళ్ళుగా నాదనుకున్నది ఒక్కటే ఉంది, నా చెయ్యి మంచిదని. అదీ నీదేనని తేలింది. నా మీద ప్రేమతో చేశావని నాకు తెలుసు. అందుకే ఇంకా కోపంగా ఉంది. కొన్నాళ్ళు నాకు ఉత్తరాలు రాయకు.

జయమణి.


నందిగామ,
11-1-1961.

చి.సౌ. జయమణికి అన్నయ్య రాసేది.

ఏడాదిన్నర అయింది. నేను రాసిన ఐదు కార్డులకీ జవాబు లేదు. పోయిన క్రిస్మసుకి మేం వస్తే కాఫీ ఇచ్చావు, అన్నం పెట్టావు, నాతో మాట మాత్రం ఆడలేదు. మీ వదిన దారంతా ఏడ్చింది. తోట మాత్రం కళ్ళారా చూశాను. ఇరవై రెండు మొక్కలు! పాతవాటికన్నా ఏపుగా ఉన్నాయి. లేదన్నానుగానీ, నీకు హస్తవాసి ఉందమ్మా.

ఈసారి నీకు మంచి వార్త. సాగర్‌లో అన్న దగ్గర పని చేస్తున్న మీ మరిది జ్ఞానయ్యకి సంబంధం చూడమని మామగారు నాకు రాశారు. చూశాను. రెడ్డిగూడెంలో రత్నమణి అని, తండ్రికి నాలుగెకరాల చేను, పిల్ల ఎస్సెల్సీ చదువుతోంది. మామగారు పోయిన వారం వెళ్ళి చూసి, పద్ధతి ప్రకారం కొమ్మ ఇచ్చి వచ్చారు. నీ చేత్తోనే కోసి ఇచ్చావట కదా.

నీకు అర్థమైందా జయా? ఆ కొమ్మ బతికితే ఇంటికి రెండో కోడలొస్తుంది. తోటకి రెండో జత చేతులొస్తాయి. నువ్వు హాయిగా గుంటూరు వెళ్ళిపోవచ్చు. ఈ ఏడు దాటితే ట్రైనింగ్‌కి నీ వయసు దాటిపోతుందని నేను మర్చిపోలేదు. నీ విడుదల ఆ జానెడు కొమ్మలో ఉంది.

ఎండినా దిగులు లేదు. నువ్వు తోటలోంచి వేళ్ళు పట్టిన పిల్ల మొక్క ఒకటి, అదే రంగుది, తడి గుడ్డలో చుట్టి బస్సు కండక్టరుకివ్వు. నేను రెడ్డిగూడెం తీసుకెళ్తాను. పిల్ల తండ్రితో మాట్లాడుకున్నాను, మంచివాడు, కాదనడు. చేసిన పాపం ఈ విధంగా దిద్దుకోనియ్యి.

నీ జవాబుకి కాచుకుని ఉంటాను.

ప్రేమానందం.


జగ్గయ్యపేట,
5-6-1961.

అన్నయ్యకు, వదినకు జయమణి వందనాలు.

నీ జనవరి ఉత్తరానికి ఇప్పుడు రాస్తున్నాను. రెడ్డిగూడెం సంబంధం తప్పిపోయిందని నీకు తెలిసే ఉంటుంది. తప్పించింది నేను.

దాచను. నువ్వు రాసింది చదవగానే తోటలోకి పరిగెత్తాను. వెన్న రంగు పిల్ల మొక్క ఒకటి వేళ్ళతో పెకలించి, తడి గుడ్డలో చుట్టాను కూడా. ముడి వేస్తుంటే ఆ పిల్ల గుర్తొచ్చింది. చూడలేదు, మొహం తెలియదు. పొద్దున ఇరవై చేదలు, సాయంత్రం ఇరవై చేదలు తోడుతుందని మాత్రం తెలుసు. తాసిల్దారు భార్య వస్తే ఆ పిల్లనీ పిలిచి చేతులు చూపిస్తారని తెలుసు. ముడి విప్పేశాను. మొక్కని మళ్ళీ గుంటలో పెట్టి నీళ్ళు పోశాను.

తర్వాత మామగారి దగ్గరికి వెళ్ళి నిలబడి, నా కొమ్మ సంగతి చెప్పేశాను. నీ పరువు చూడలేదు, క్షమించు. నా హస్తవాసి అబద్ధమండీ, మా అన్నయ్య మొక్క మార్చాడండీ, మీరు మోసపోయి నన్ను తెచ్చుకున్నారండీ అన్నాను. ఈ మాట వింటే నన్ను వదిలేస్తారని ఆశ.

ఆయన పేపరు మడిచి పక్కన పెట్టారు.

"నాకు తెలుసమ్మా" అన్నారు. "మీ ఇంట్లో నాటించింది వెన్న రంగు కొమ్మ. వచ్చి పూసింది గులాబి రంగు. మొదటి పువ్వుకే తెలిసింది."

మరి నన్నెందుకు ఉంచుకున్నారండీ అన్నాను.

"మిగతా ఇద్దరు పిల్లలూ కొమ్మ ఎండిపోయిందండీ అని మొహం మీద చెప్పారు. అలా చెప్పగలిగిన పిల్ల రేపు నా ఇంట్లో, ఇది నా వల్ల కాదండీ అని కూడా చెప్పగలదు. మీ అన్న ఎండిన కొమ్మని ఎండిందని నాతో అనలేకపోయాడని తర్వాత తెలిసింది. అటువంటి ఇంటి పిల్ల నా మాట తీసెయ్యదనుకున్నా. హస్తవాసి లేకపోతే పోనీ, పని నువ్వు నేర్చుకున్నావు. ఎప్పుడైనా నా మాట తీసేశావా అమ్మా?"

కోపంగా అనలేదు అన్నయ్యా. మెచ్చుకుంటున్నట్టే అన్నారు.

ఆ రోజంతా నాకు ఏ పనీ చేతికి రాలేదు. నాలుగేళ్ళు నేను గులాబీలని తిట్టుకున్నాను, సున్నం నేలని తిట్టుకున్నాను, నిన్ను తిట్టుకున్నాను. నేనెప్పుడూ ఒక్కసారి కూడా కాదనలేదు. అడిగాను, గుర్తుచేశాను, నీచేత రాయించాను, ఆయన లేనప్పుడు చాటుగా కోశాను. ఎదురుగా నిలబడి వెళ్తానని మాత్రం చెప్పలేదు. అది మన ఇంట్లో ఎవరికీ రాని విద్య.

రెడ్డిగూడెం పిల్లకి కార్డు రాశాను. కొమ్మ బతికితే బతికిందని చెప్పమ్మా, చస్తే చచ్చిందని చెప్పు, నీ బదులు ఎవరూ మొక్క మార్చకుండా చూసుకో అని. నలభయ్యో రోజు మామగారు వెళ్తే, ఆ పిల్ల గుమ్మంలోంచే, "ఎండిపోయిందండీ, నాకు మొక్కల పని రాదండీ, పరీక్షకి చదువుకుంటున్నా" అందట. ఆయన తిరిగొచ్చి నేరుగా తోటలోకి వెళ్ళిపోయారు. నేనైతే వంటింట్లో నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వాను.

అప్లికేషన్ ఈసారి ఎవరినీ అడక్కుండా పంపాను. మొన్న సీటు వచ్చింది. సాగర్‌కి కార్డు రాశాను. వెళ్ళనా అని రాయలేదు, వెళ్తున్నానని రాశాను. ఆయన నుంచి జవాబు రాలేదు. వచ్చినా రాకపోయినా నా పెట్టె సర్దుకున్నాను.

నిన్న మామగారికి చెప్పాను.  గుంటూరు వెళ్తున్నానండీ అన్నాను. "ఈ పూత..." అన్నారు. ఇది అయిపోయే పూత కాదండీ, కూలికి మనిషిని పెట్టుకోండి, నేను ఉండను అన్నాను. అంతే, ఆ మాట అయిపోయింది. ఇంత చిన్నదా అనిపించింది.

ఇవాళ పొద్దున లేచి చూసేసరికి ఆయనే నూతి దగ్గర ఉన్నారు. చేద రెండు చేతులతో పట్టుకుని తోటలోకి నడుస్తున్నారు. సగం నీళ్ళు దారిలోనే ఒలికిపోయాయి, పంచె తడిసింది. నేను రెండడుగులు వేశాను. జాలేసింది. ఇప్పుడు రాస్తుంటే కూడా కళ్ళ నీళ్ళు తిరుగుతున్నాయి. ఈ జాలే నన్ను నాలుగేళ్ళు కట్టేసిందని అనుకుని, గుమ్మం పట్టుకుని నిలబడిపోయాను. ఆయన రెండో చేదకి వెళ్ళారు. ఏ మొక్కలు బతుకుతాయో, ఏవి పోతాయో నాకు తెలియదు. నన్నెవరూ మంచిదని అనరని తెలుసు.

నువ్వు ఇది చదవగానే సైకిలెక్కుతావు. మామగారికి ఏదో సర్దిచెప్పాలని, తోటకి బసవయ్యని పంపాలని, నా మీద నాలుగు మంచి మాటలు రాయాలని నీ చెయ్యి లాగుతుంది. వద్దు అన్నయ్యా. నువ్వు నా కోసం చేసినవి చాలు. ఈసారి ఏమీ చెయ్యకు.

ఇరవై ఆరో తారీఖు పొద్దున మొదటి బస్సుకి బయల్దేరుతున్నాను. నందిగామ స్టాండులో పది నిమిషాలు ఆపుతారట. కిటికీ పక్కనే కూర్చుంటాను. చూడాలనిపిస్తే వదినని తీసుకుని రా. దారిలో తినడానికనీ, హాస్టల్లో పనికొస్తుందనీ ఏదీ తేకు. ఊరికే వచ్చి నిలబడు, నిన్ను చూసి వెళ్తాను.

నీ చెల్లెలు,
జయమణి.